డీజిలు కల్లం

మా ఊరి కారం జాడీలన్నిటికీ ఒక ఏడు తృటిలో తప్పిన గండం పేరు నేనే. తీరిగ్గా కూర్చోండి, చెబుతాను.

ఎనభైల్లో సత్తెనపల్లి రోడ్డు మీద ఒక పెట్రోలు బంకుకి నేను మేనేజర్ని. ఆ వాసనంటే నాకు మత్తు. పొద్దున్నే పంపు పక్కన కుర్చీ వేసుకుంటే, ఎదుటి పత్తిచేలు మబ్బుల్లా లేచి నా చుట్టూ తేలేవి. నేనలా తేలుతుండగానే భూమిలోని డీజిలు ట్యాంకు తుప్పుపట్టి కారిపోయింది. వాన పడితే బంకు ముందు మడుగుల్లో ఇంద్రధనుస్సులు! ఎంత అందం అనుకున్నానే గాని, ఎక్కణ్ణించి వచ్చాయని అనుకోలేదు.

వానలు తగ్గాక ట్యాంకు తవ్వి తీశారు. ఇంజనీరు, "తడిసిన మట్టిని పల్చగా పరిచి ఎండలో తిరగెయ్యండి. వాసన పోయేదాకా దానిమీద ఏదీ పెట్టకండి," అని జీపెక్కాడు.

బంకు వెనక ఏసోబు బాబాయి మిరపకాయలు ఎండబెట్టుకునే కల్లం ఉంది. ఆ మట్టి పరుచుకోవడానికి అడిగితే ఇచ్చాడు. "కాయ కోతకొచ్చేలోగా బాగుచేసిస్తావుగా అబ్బాయ్? నాకింకో జాగా లేదు."

రోజూ మట్టి తిరగేయించాను. సాయంత్రాలు పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని పీల్చేవాణ్ణి. మొదట్లో డీజిలు. తర్వాత ఏమీ లేదు. పోనుపోను తొలకరి వాసన కూడా వచ్చింది, నమ్మండి.

"అత్తరు చల్లినట్టుంది బాబాయ్. పోసుకో కాయలు."

"ఇంకెవరికైనా వాసన చూపించావా?"

"నా ముక్కుండగా ఇంకొకరెందుకు?"

కల్లం చదును చేసి, పేడతో అలికి, తొలికోత కాయలు పోశారు. అవి ఎండాక ఆయన భార్య మరియమ్మ పిన్ని గిన్నెతో బంకుకొచ్చింది. వెనకే బాబాయి.

"ఆ కాయల కారమే. తిని చెప్పు."

వేడన్నంలో కలిపి గిన్నె ఊడ్చేశాను. "అమోఘం పిన్నీ! ఇంకాస్త ఉందా?"

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? మనింట్లో ఒక్కరికీ గొంతు దిగలేదు, ఈ పిల్లాడు మారడుగుతున్నాడు! వాసన పోయింది మట్టిలోంచి కాదయ్యా, ఇతని ముక్కులోంచి!"

బాబాయి నన్ను తిట్టలేదు. ఎర్రగా పండి ఉన్న తన మిరపచేను వైపు చూస్తూ, "మిగతా కాయ ఎక్కడ పొయ్యమంటావు అబ్బాయ్?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"మా డాబా మీద," అన్నాను.

తొలికోత పోయినా పంట దక్కింది. మా ఇల్లు మాత్రం దక్కలేదు. మా ఆవిడ తుమ్ముతూ వడ్డించింది, మా నాన్న దగ్గుతూ తిట్టాడు, గోడమీది పిల్లి వీధే మార్చేసింది. ఆ ఎర్రటి మబ్బు కింద హాయిగా కలలు కన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆనాడే మా ఆవిడ ముందు చేతులు కట్టుకుని ఒట్టేశాను: ఈ జన్మలో నా ముక్కుచేత మళ్ళీ సాక్ష్యం చెప్పించను.

ఇది రాస్తుంటే వంటింట్లోంచి కేక. "పాలు మాడిపోతుంటే పక్కగదిలోనే కూర్చుని రాసుకుంటారేంటండీ!"

ఒట్టంటే ఒట్టే. నేను లేవలేదు.