పసందాల బేరం

మా ఆవిడ క్యాన్సర్‌కు వైద్యం చేసే డాక్టరు అన్నిటికీ వద్దనే మనిషి. కారం వద్దు, పచ్చి కూరగాయలు వద్దు, జనంలోకి వెళ్లొద్దు. అలాంటివాడు, ఆమె ఒక గుక్క వైన్ తాగొచ్చా అని నేను అడిగితే, తలెత్తకుండానే, అడిగిందల్లా ఇవ్వండి అన్నాడు. నేను స్టీలు సామాన్ల కొట్టులో, గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అడగ్గానే దిగొచ్చాడంటే సరుకులో ఏదో తేడా ఉన్నట్టే. ఇంకో విడత మందు ఎక్కించి చూడొచ్చు, రేపు వస్తే మొదలుపెడదాం, బలవంతం మాత్రం లేదు అని కూడా అన్నాడు. రానని ఆమె అక్కడే చెప్పేసింది. ఆటోలో ఇంటికొచ్చేశాం.

తెల్లవారేలోగా ఆమెతో సరే అనిపించాలి. అందుకే ఆ సాయంత్రం వంట నాదన్నాను. ఏం కావాలంటే మటన్ పసందాలు అంది, మసాలా లేకుండా, పెనం మీద కాల్చినవి. మందులకు నోరంతా పూసి ఉంది, కారం తగిలితే కన్నీళ్లే. దాంతోపాటు కొంచెం వైన్. వాళ్ల పుట్టింట్లో క్రిస్మస్‌కు జాడీలో ద్రాక్షపళ్లు పులియబెట్టేవాళ్లు. ఆ అలవాటును మా ఉప్పుగూడ ఇంటికి తెచ్చుకుంది. ఈసారి జాడీ అటక దిగలేదు.

మాంసం కొట్టు భాయ్ తొడభాగాన్ని అరచేయంత పలుచటి ముక్కలుగా కోసి, కత్తి వెనకవైపుతో కొట్టి ఇచ్చాడు. తూకం దగ్గర పేచీ పెట్టకుండా నేనెప్పుడూ అక్కణ్ణించి కదలను. ఆ రోజు నోరెత్తకపోయేసరికి అతనే చేయి ఆపి, “క్యా సేఠ్, తబియత్ బరాబర్ నై క్యా?” అన్నాడు. నా ఒంట్లో బాగానే ఉందన్నాను.

వైన్స్‌లో మాత్రం పాత బుద్ధి తిరిగొచ్చింది. బోర్డు మీద ఆ పేరే గానీ లోపల వైన్ అడిగేవాడే లేడు. దుకాణదారు పై అరలోంచి సీసా దించి, దుమ్ము తుడిచి, మటన్‌కు ఎర్రదే బాగుంటుందన్నాడు. దుమ్ము పట్టిన సరుకుకు తగ్గింపు లేదా అన్నాను. రేటు సీసా మీదే అచ్చయి ఉందన్నాడు. చివరికి ఒక పల్లీల పొట్లం ఊరికే గుంజుకుని బయటపడ్డాను. ఏదో గెలిచినవాడిలా నడిచాను కూడా.

ముక్కలకు ఉప్పు, పచ్చిబొప్పాయి ముద్ద పట్టించి కాసేపు ఉంచాను. ఇనుప పెనం పొగలొచ్చేదాకా కాచి, నెయ్యి వేసి పరిచాను.

“ముక్క అదే పెనాన్ని వదుల్తది. నువ్వు గీకకు” అంది మంచం మీది నుంచే.

నేను ఆగలేదు. మొదటి ముక్క పైపొర పెనానికే అంటుకుపోయింది.

వైన్‌ను స్టీలు గ్లాసుల్లో పోశాను. పెదవులు తడుపుకుని, పుల్లగా ఉందని, వాళ్లమ్మ చక్కెర మస్తు వేసేదని చెప్పింది. ముక్కలో సగం తింది. అక్కడ మొదలుపెట్టాను. ఈ సగం కూడా తినమన్నాను. రేపు ఊరికే వచ్చి కూర్చోమన్నాను, నచ్చకపోతే వాపసు వచ్చేద్దామన్నాను.

“నాతోటి గిరాకీ లెక్క మాట్లాడకు” అంది.

బేరంలో ఆఖరి ఎత్తు ఒకటుంది. కొనడానికొచ్చిన గిరాకీ ఇక అక్కర్లేదన్నట్టు లేచి నడవాలి. గడప దాటేలోపు కొట్టువాళ్లు వెనక్కి పిలుస్తారు. సరే నీ ఇష్టం అని ఆమె పళ్లెం తీసుకుని వంటింటివైపు వెళ్లాను. మెల్లగానే నడిచాను. పిలుపు రాలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డాను, గిన్నెలు చప్పుడు చేశాను, అయినా పిలవలేదు. తనంతట తాను తిరిగొచ్చిన గిరాకీ మాట చెల్లదు, అవతలివాళ్లు చెప్పిందే ధర. అది తెలిసే పళ్లెంతో తిరిగి వెళ్లాను.

ఆమె జరిగి మంచం మీద చోటిచ్చింది.

“రేపు పొద్దుగాల ఆటోకు చెప్పకు” అంది.

చెప్పనన్నాను.

“నా ముక్కలు గూడ నువ్వే తిను. సల్లగైతే తోలు లెక్కైతది.”

అప్పటికే అయ్యాయి. నమలడానికి చాలాసేపు పట్టింది. తన గ్లాసులో మిగిలిన వైన్‌ను నా గ్లాసులో వంచి, నేను తింటున్నంతసేపూ చూస్తూ కూర్చుంది.