ఎర్లిండా దగ్గు

కెనడాలోని విన్నిపెగ్‌లో మా బడి గదులన్నీ ఏళ్ల తరబడి ఎర్లిండా చేతి మీదుగానే శుభ్రపడ్డాయి. నేను అక్కడే వంటగదిలో పనిచేసేదాన్ని. ఫిలిప్పీన్స్‌లో ఇద్దరిదీ ఒకే వైపు గనుక ఆమెను అక్కా అనేదాన్ని. ఆదివారం చర్చిలో పైస్థాయిలో పాడే గొంతు ఆమెదే. తుడుపుకర్ర పట్టుకున్నా పాట ఆగేది కాదు.

కరోనా మొదటి శీతాకాలంలో ఆమెతో పాటు పనిచేసే బెనిగ్నో జబ్బుపడ్డాడు. అతని బదులు ఎవరూ రాలేదు. రెండంతస్తులూ ఆమె మీదే పడ్డాయి. ప్రతి బల్లకూ, తలుపు పిడికీ, కుళాయికీ క్రిములు చంపే మందు కొట్టి తుడవాలి. పిల్లలు గదుల్లోనే అన్నాలు తిన్నాక మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి. బయట ఎముకలు కొరికే చలి. కిటికీ తెరిస్తే టీచర్లు ఒప్పుకునేవారు కాదు. మందు ఘాటు గదుల్లోనే నిలిచిపోయేది.

"కాసేపు కూర్చోరాదూ అక్కా!" అన్నాను ఒకసారి.

"నేను కూర్చుంటే నా మొగుడే ఊరుకోడు, వైరస్ ఊరుకుంటుందటే?" అని నవ్వబోయి దగ్గింది.

ఆ దగ్గు తగ్గలేదు. ఆమె దగ్గితే టీచర్లు గోడకు ఒత్తుకునేవారు. ఒక పిల్లవాడి తల్లి ఫిర్యాదు చేసింది. ఇంటికి పంపి పరీక్ష చేయిస్తే కరోనా లేదని తేలింది. పనిలోకొచ్చి మళ్లీ దగ్గింది, మళ్లీ ఇంటికి పంపారు. వాళ్ల బల్లలు తుడిచి తెచ్చుకున్న దగ్గుకు వాళ్లే భయపడ్డారు.

ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు. "ఈ ఒక్క వారం సర్దుకోండి ఎర్లిండా గారూ" అని ప్రతి వారమూ అనేవాడు.

మంచు కరిగాక డాక్టరు చెప్పాడు: మందు ఘాటుకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఆ పని మానెయ్యాలి. కరోనాకు మూసిన చర్చి మళ్లీ తెరిచిన రోజు ఆమె పాడేవాళ్ల వరుసలో తన చోట నిలబడింది. మొదటి చరణం సగంలోనే ఊపిరి అందలేదు. మెల్లగా దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకున్నాను.

"వదలవే, అందరూ చూస్తున్నారు" అంది, కన్నీళ్లు కారిపోతుంటే.

బెనిగ్నో కోలుకుని తిరిగొచ్చాడు. అతనికి తోడుగా బడివాళ్లు మరో ఇద్దరిని పెట్టుకున్నారు. ఎర్లిండా ఇప్పుడు ఒక బట్టల కొట్లో బిల్లులు కొడుతోంది. మొన్న వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పాను.

"ముగ్గురా!" అంది. చొక్కా మడుస్తూ, "పోనీలే, మంచిదే. ఆ పని ఒక్కరివల్ల అయ్యేది కాదే" అంది.