బరిలోకి దిగే ముందు అడిగే మాటలు

నాకు మనసులో చదువుకోవడం రాదు. నోటితో పలికితేనే అక్షరం అర్థమవుతుంది. యాభై దాటాక, నాచారంలో మా గల్లీ చివరి కమ్యూనిటీ హాలులో ఆడవాళ్ళకు సాయంత్రాలు చదువు చెబుతున్నారంటే వెళ్ళి నేర్చుకున్నాను. అక్కడ అందరం కలిసి గట్టిగా చదివేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు. బస్సు మీది పేరు, పాల ప్యాకెట్టు, గోడ మీద ప్లాట్ల ప్రకటన, ఏది కనపడినా పైకే చదువుతాను. ఒకసారి నారపల్లి పోయే బస్సులో ముందు సీటాయన వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ ప్లాట్లు నువ్వే అమ్ముతున్నవా ఏంది?" అని అడిగాడు.

మా ఇంట్లో గొడవ ఈ అలవాటు వల్లే వచ్చింది.

మా మనవరాలికి పదహారేళ్ళు. నా కొడుకు కూతురు. మూడేళ్ళుగా బాక్సింగ్ నేర్చుకుంటోంది. ఉప్పల్‌లో ఒక ఇండోర్ హాలులో ఎంపిక పోటీలు ఉన్నాయని, అందులో గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోవచ్చని ఆర్నెల్ల నుంచి చెబుతోంది. తనకు ఇష్టమని నేను చేసిన గారెలు కూడా ముట్టలేదు, బరువు పెరుగుతుందట. దానికి ఆ పోటీ తప్ప వేరే ధ్యాస లేదు.

పోటీకి వారం ముందు, ఆదివారం పూట, కోచ్ ఇచ్చిన కాగితాలు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. పద్దెనిమిది నిండని పిల్లలకు తల్లిగానీ తండ్రిగానీ సంతకం చేయాలి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఇంట్లోవాళ్ళు చదవకుండానే సంతకం పెట్టి పంపుతున్నారని, కోచ్ వెనక పేజీలో అదంతా తెలుగులో టైపు చేయించాడు. తెలుగు కనపడగానే నేను చెయ్యి చాపాను.

ఇంట్లో కోడలి తమ్ముడు కూడా ఉన్నాడు. చెంగిచెర్లలో ఉంటాడు. వచ్చి చాయ్ తాగుతున్నాడు. నేను పేరు, పుట్టిన తేదీ చదివాను. మూర్ఛ వస్తుందా, చూపు బాగుందా, ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిందా, అన్నీ చదివాను. తడబడకుండా చదువుతున్నానని నాకే ముచ్చటేసి గొంతు కొంచెం పెంచాను. అదే ఊపులో తర్వాతి వరుస కూడా చదివేశాను.

"క్రీడాకారిణి గర్భవతి కాదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాము."

నోట్లోంచి బయటికి వచ్చాక గానీ అది ఏమిటో నాకు తెలియలేదు.

కోడలి తమ్ముడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏందత్తమ్మా, మళ్ళొకసారి సదువు," అని, నవ్వు ఆపుకోలేక బావ వైపు తిరిగాడు. "బావా, బిడ్డను కొట్లాటకు పంపుతున్నవా, కాన్పుల దవాఖానకు పంపుతున్నవా?"

"మామా, తెల్వకుంటే సప్పుడు చెయ్యకు," అంది మనవరాలు. "ఆడపిల్లలందరికి ఉంటది. రూలు."

"మొగపిల్లలకు లేదా మరి గా రూలు?"

"వాళ్ళకెట్లుంటది మామా? జర ఆలోచించి మాట్లాడు."

నాకూ నవ్వొచ్చింది. కానీ నా కొడుకు నవ్వలేదు. రైల్వేలో ఫిట్టర్ పని చేస్తాడు, నిదానస్తుడు, గట్టిగా మాట్లాడడు. కాగితం నా చేతిలోంచి తీసుకొని నాలుగు మడతలు పెట్టి ఫ్రిజ్ మీద పెట్టాడు.

"పదహారేండ్ల పిల్లను గిట్లాంటివి అడిగేటోళ్ళ దగ్గరికి నేను పంప. ఆట లేదు, ఏం లేదు."

బావమరిది ముందు పరువు పోయిందని వాడి బాధ. ఆ వరుస నేను చదవకపోతే, అందరిలాగే వాడూ ఇంగ్లీషు పేజీ మీద సంతకం పెట్టేసేవాడు.

మనవరాలు ఏడవలేదు. బ్యాగు తీసుకొని ప్రాక్టీసుకు పోయింది. నేను కోడలి దగ్గరికి వెళ్ళి, "తల్లి సంతకం గూడ నడుస్తదంట, నువ్వు పెట్టు," అన్నాను. కోడలు ఇక్కడే మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది.

"ఆయన వద్దన్నంక నేను పెడితే, రోజూ ఆ మొఖం సూసేది నేనే గదా అత్తమ్మా," అంది.

రెండు రోజులు కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. అది చూసినప్పుడల్లా నాకు మా ఇంట్లో ఉన్న ఇంకో కాగితం గుర్తొచ్చేది.

మా ఆయన పహిల్వాన్. నాచారంలో ఫ్యాక్టరీ పని, పని దిగాక తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, కసరత్తు. దసరా రోజుల్లో మైదానంలో మట్టి పోసి కుస్తీలు పెట్టేవాళ్ళు. అనుమతి లేకుండా పెట్టేవాళ్ళు కాదు. తాలీం ఉస్తాద్ పోలీస్ స్టేషన్‌కు పోయి కాగితం రాయించుకొని వచ్చేవాడు. ఒక ఏడాది కుస్తీలు అయిపోయాక ఆ కాగితాన్ని మా ఆయన అడిగి తెచ్చుకున్నాడు. తన ఫొటో వెనక పెట్టుకొని, ఇంటికి ఎవరొచ్చినా తీసి, "గిది నా కుస్తీ కాగితం, సర్కారు ముద్ర సూడు," అని చూపించేవాడు. ఆయనకూ చదువు రాదు. వచ్చినవాళ్ళు ముద్ర చూసి తల ఊపేవాళ్ళు.

ఆయన పోయాక, నాకు చదువు వచ్చాక, దాన్ని పైకి చదివాను. మైకు ఎన్నింటికి ఆపాలో ఉంది. పందేలు కాయరాదని ఉంది. కర్రలు, కత్తులు తేరాదని, గొడవ జరిగితే పెట్టినవాళ్ళదే బాధ్యత అని ఉంది. కుస్తీ పట్టేవాళ్ళ పేర్లు లేవు. మా ఆయన పేరు లేదు. డాక్టరు అన్న మాట లేదు. చూడడానికి వచ్చే జనం గురించి సర్కారు అన్నీ రాసింది. బరిలో దిగే మనిషి గురించి ఏమీ రాయలేదు.

ఆ ఏడాది కుస్తీలోనే ఆయనను ఎత్తి పడేశారు. మెడ మీద పడ్డాడు. కుడి చెయ్యి తిమ్మిరెక్కిందంటే ఇంట్లో కాపడం పెట్టాను. కొద్ది రోజులకే కాప్రా వైపు ఇంకో కుస్తీ ఉందని పోయాడు. ఈయనకు ముందే దెబ్బ తగిలిందని అక్కడివాళ్ళకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఏ కాగితం మీదా లేదు కదా. మళ్ళీ అదే మెడ మీద పడ్డాడు. ఆ తర్వాత ఆ చెయ్యి భుజం దాటి లేవలేదు, వేళ్ళలో పట్టు నిలవలేదు. ఫ్యాక్టరీవాళ్ళు బరువు పని మాన్పించి గేటు దగ్గర కుర్చీ వేశారు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆయనకు చేతనయ్యేది కాదు. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. బడికి పోయే ముందు కొడుకే పెట్టేవాడు. ముందు వీడి బడి చొక్కా, తర్వాత తండ్రి చొక్కా.

మంగళవారం పొద్దున కొడుకు డ్యూటీకి తయారవుతున్నాడు. ఆ పాత కాగితం, ఫ్రిజ్ మీది కాగితం రెండూ తీసుకొని వాడి దగ్గరికి పోయాను.

"పొద్దుపొద్దున్నే సదువు పెట్టకే అమ్మా," అన్నాడు.

"సదువ తియ్. అడుగుత. మీ నాయినను బరిలకు దిగేముందు ఎవ్వలన్న ఏమన్న అడిగిన్రా?"

వాడు చొక్కా తొడుక్కున్నాడు.

"మెడ నొస్తుందా అని అడిగిన్రా? పోయినసారి ఎట్ల పడ్డవని అడిగిన్రా? ఒక్క మాట అడిగి ఇంటికి పంపినా అయిపోతుండె. నీ బిడ్డను అడుగుతున్నరు. అన్ని అడుగుతున్నరు. ఆడపిల్ల గనుక గదొకటి ఎక్కువ అడుగుతున్నరు. కడుపుల దెబ్బ తగులుతదని అడుగుతున్నరు, బద్నాం చేస్తందుకు గాదు."

"నువ్వు గంత గట్టిగ సదవకుంటే అయిపోతుండె," అన్నాడు.

"సదివిన. ఇప్పుడేం జెయ్యాలె? మీ నాయిన గుండీలు పెట్టింది నువ్వే గదరా."

వాడి చేతులు తన చొక్కా గుండీల మీదే ఉన్నాయి. చివరిది పెట్టుకొని, జేబులోంచి పెన్ను తీసి, ఫ్రిజ్ మీదే కాగితం ఆనించి సంతకం పెట్టాడు. తెలుగు పేజీ వైపు తిప్పలేదు. "గా చెంగిచెర్లోనికి మాత్రం చెప్పకు," అని స్కూటర్ తీశాడు.

ఆ సాయంత్రం నుంచి పిల్ల ముఖం వెలిగిపోయింది. శుక్రవారం ప్రాక్టీసులో ఇంకో అమ్మాయి తల తగిలి కనుబొమ్మ మీద చిన్నగా చిట్లింది. నేను కడిగి పసుపు అద్దాను. "డాడీ మళ్ళ వద్దంటడు నానమ్మా," అంటే ముంగురులు ముందుకు దువ్వాను. చీమ కుట్టినంత గీత. తెల్లారేసరికి ఎండిపోతుందనుకున్నాను.

శనివారం కొడుకు సెలవు పెట్టాడు. ముగ్గురం ఆటోలో ఉప్పల్ పోయాం. హాలులో చాలామంది ఆడపిల్లలు, తండ్రులు వరుసలో ఉన్నారు. బల్ల దగ్గర కూర్చున్నతను కాగితం తీసుకొని, సంతకం ఉందా లేదా చూసి, ముద్ర వేసి పక్కన పెట్టాడు. మా ఇంట్లో మాటలు ఆపించిన ఆ వరుసను చూడనైనా చూడలేదు. తర్వాత బరువు చూశారు. సరిపోయింది. ఆ పక్కన తెర కట్టి డాక్టరమ్మ కూర్చుంది. పిల్లతోపాటు నన్ను లోపలికి రానిచ్చారు. కొడుకు తెర అంచున నిలబడ్డాడు.

డాక్టరమ్మ కళ్ళు చూసింది, చెవులు చూసింది. ముంగురులు పక్కకు జరిపింది. మనవరాలు చిట్లిన చోట పౌడరు కూడా పూసింది, నాకే తెలియదు. డాక్టరమ్మ దూదితో తుడిస్తే ముందు పౌడరు వచ్చింది, తర్వాత నా పసుపు వచ్చింది, చివర కొంచెం రక్తం వచ్చింది.

"ఎప్పుడు తగిలింది?"

"నిన్ననే. ఏం కాదు మేడం. అస్సలు నొస్తలేదు."

"ఈ రోజు ఆడనివ్వడం కుదరదమ్మా," అంది డాక్టరమ్మ.

నేను మనవరాలి వైపు చూశాను. కానీ మాట తెర దగ్గర్నుంచి వచ్చింది.

"మేడం, జర సూడుండ్రి," అంటూ నా కొడుకు లోపలికి వచ్చేశాడు. "చిన్న గీతనే గదా. ఆరు నెలల సంది తిండి సుత సరిగ తినలే పిల్ల. నేను రాసిస్త మేడం. ఏమైనా నాదే జిమ్మేదారి అని సంతకం పెట్టిస్త."

సంతకం పెట్టనన్నవాడు ఇప్పుడు పెన్ను తీసి పట్టుకున్నాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీరు రాసిచ్చినా నేను పంపను. మళ్ళీ అక్కడే తగిలితే లోతుగా తెగుతుంది, కంట్లోకి రక్తం దిగుతుంది. అవతలి గుద్దు కనపడదు," అంది.

మళ్ళీ అక్కడే అన్న మాట మా ఇద్దరికీ వినపడింది. కొడుకు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ప్రతి పిల్లకూ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఆడిన ప్రతి ఆట, బరువు, డాక్టరు మాట అందులో రాస్తారు. వేరే ఊళ్ళో ఆడాలన్నా ముందు ఆ పుస్తకం చూపాలి. డాక్టరమ్మ అందులో ఇంగ్లీషులో రాస్తుంటే నేను, "అమ్మా, కింద తెలుగుల గూడ రాయుండ్రి. నేను సదువుకుంట," అన్నాను.

ఆమె నవ్వింది. "తెలుగులో రాసి ఎన్నేళ్ళయిందో. తప్పులుంటే దిద్దుకోండి," అని రెండు వరుసలు రాసి ముద్ర వేసింది.

బయటికి వచ్చాక కొడుకు మూడు ప్లేట్ల ఇడ్లీ చెప్పాడు. పిల్ల ముందు తల తిప్పుకుంది. తర్వాత తన ప్లేటు ఖాళీ చేసి, తండ్రి ప్లేట్లోంచి కూడా ఒకటి తీసుకుంది. ఏడుస్తూనే తింది. "మళ్ళెప్పుడుంటదంట?" అని కొడుకు అడిగాడు. "వచ్చే ఏడు," అంది. "అప్పుడు గూడ నేనే వస్త," అన్నాడు.

ఆటోలో పిల్ల నా భుజం మీద తల పెట్టుకుంది. నేను పుస్తకం తెరిచి వేలు పెట్టాను.

"నానమ్మా, ఇప్పుడు సదువకు," అంది కళ్ళు మూసుకొనే.

పెదవులు మూసుకున్నాను. వేలు ఒక్కో అక్షరం మీద ఆపుకుంటూ పోయాను. ఉప్పల్ నుంచి నాచారం వచ్చేదాకా పట్టింది. కనుబొమ్మ మీద గాయం. మానిన తర్వాత తిరిగి చూపించాలి, అప్పటివరకు ఆడరాదు. పైన నా మనవరాలి పేరు పూర్తిగా రాసి ఉంది.