పూరీ గేటు రేడియో కేసు

1969 నాటికి నేను మేదినీపూర్ కోర్టులో ప్లీడరుగా కుదురుకున్నాను. కాపురం ఖరగ్‌పూర్‌లో, సుభాష్‌పల్లిలో. రోజూ బస్సెక్కి కంసావతి నది దాటి కోర్టుకు వెళ్లడం, సాయంత్రం దుమ్ముకొట్టుకుని తిరిగి రావడం. నా క్లయింట్లలో ఎక్కువమంది రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలవాళ్లే. మా నాన్న కూడా ఆ వర్క్‌షాపు మనిషే కాబట్టి, వాళ్ల కేసులు నా దగ్గరకు రావడానికి నా ప్రతిభకంటే ఆ చుట్టరికమే ఎక్కువ కారణం.

ప్లీడరీ అనగానే హత్య కేసులు, వాదోపవాదాలు అనుకుంటారు. నా బతుకంతా పెట్టీ కేసులతో గడిచింది. దీపం లేని సైకిలు, లైసెన్సు లేని కుక్క, పక్కింటి మీద పారబోసిన కుడితి. ట్రాఫిక్ కేసులైతే మరీ సులువు. పోలీసు చలానా రాస్తాడు, కోర్టు నుంచి సమను వస్తుంది, వాయిదా రోజున బోనులో నిలబడి తప్పు ఒప్పుకుంటే చిన్న జరిమానా వేసి పంపేస్తారు. ఒప్పుకోనంటేనే విచారణ, సాక్షులు, వాయిదాలు. అలాంటి కేసుల్లో పోరాడమని నేనెవరికీ చెప్పేవాణ్ణి కాదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

ఆ ఏడు వానలు మొదలయ్యాక అప్పలస్వామి మావ ఒక సమను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయనా మా నాన్నా బాయిలర్ షాపులో కలిసి పనిచేశారు. రిటైరయ్యాక పాత అంబాసిడర్ ఒకటి కొని స్టేషను దగ్గర టాక్సీ నడిపేవాడు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఆ బండిలో ఒక రేడియో బిగించుకున్నాడు. ఆంధ్రా నుంచి తెలుగు పాటలు వచ్చే స్టేషను ఖరగ్‌పూర్‌లో గరగరమంటూ ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చేది. ఆయన దాన్నే పెట్టుకుని తిరిగేవాడు.

ఆయన మీద ఆరోపణ ఇది: పూరీ గేట్ దగ్గర లెవెల్ క్రాసింగు గేటు పడి ఉంది. గూడ్సు బండి వెళ్లిపోయి గేటు లేచినా మావ కారు కదల్లేదు. వెనక బళ్లు హారన్లు కొట్టాయి. ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న ఏఎస్సై విజిల్ ఊదాడు. అయినా కదల్లేదు. వెళ్లి చూస్తే లోపల రేడియో చెవులు పగిలేలా మోగుతోంది. ఆ మోతలో విజిల్ కూడా వినపడలేదని, పదిమందికి ఇబ్బంది కలిగించాడని చలానా రాశాడు.

తప్పు ఒప్పేసుకుని జరిమానా కట్టెయ్యమన్నాను. మావ ససేమిరా అన్నాడు.

"సెయ్యని తప్పు సేసినానని బోనులో నిలబడి ఎలా సెప్తాన్రా? పాట పెట్టినమాట నిజమే. ఏటంత మోతెట్టినాను? నాకే వినీ వినపడనట్టుంది. గేటు లేవడం సూసుకోనేదు, అదీ జరిగింది. బండిలో నా పక్కన మన బాయిలర్ షాపోళ్లు పైడయ్యా, సన్నాసీ ఉన్నారు, ఆళ్లని అడుగు."

ఆయన వెనకే వచ్చిన అత్త గుమ్మంలోంచే, వీధి చివరికి వినపడేలా అంది. "కట్టించీ బాబూ! ఆ డబ్బులు పారేసి ఇంటికి తీసుకొచ్చీ. ఈ ముసిలోడికి కోర్టు మెట్లెందుకు?"

మావ ఆమె వైపు తిరిగి చిరాకు పడ్డాడు. "నెమ్మదిగా మాటాడవే. ప్లీడరింట్లో ఏటీ గోల? పెళ్లైనకాణ్ణించీ ఇదే నోరు దీనిది."

నేను నవ్వాను. మా తెలుగు బస్తీలో అందరి నోళ్లూ పెద్దవే. మా ఇంట్లో అమ్మ ఉప్పు అందించమన్నా దెబ్బలాడుతున్నట్టే ఉండేది. కోర్టులో నా గొంతు విని, న్యాయస్థానానికి చెవుడు లేదని మేజిస్ట్రేట్లు నన్ను ఎన్నోసార్లు ఎగతాళి చేశారు. మావ నాకేసే సూటిగా చూస్తూ, నేను చెప్పింది ముక్క పోకుండా విని, టకటకా జవాబిచ్చేవాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

కేసు విచారణకు వచ్చింది. మేజిస్ట్రేటు వయసు మళ్లిన బెంగాలీ. రిటైర్మెంటుకు దగ్గరపడి, దేనికీ తొందరపడని మనిషి. ఆ రోజు ఆయనకు జలుబు. ప్రాసిక్యూషన్ తరఫున ఏఎస్సై ఒక్కడే సాక్షి. నేను అతన్ని క్రాస్ చేశాను. మోత కొలిచే సాధనం అతని దగ్గర లేదు. ఫిర్యాదు చేసిన ప్రయాణికులెవరి పేర్లూ రాసుకోలేదు. గూడ్సు బండి చప్పుడు ఎంతసేపుందో చెప్పలేడు. అలా ఒక్కొక్కటే ఒప్పించాక ఇక చాలనిపించింది. మనవైపు సాక్షులు అక్కర్లేదని మావ దగ్గరకు వెళ్లి చెప్పాను.

మావ మొహం మాడ్చుకున్నాడు. "సెలవెట్టి, ఏరు దాటొచ్చినోళ్లని సాక్ష్యం సెప్పకండానే ఎల్లిపొమ్మంటావేటి? ఇంకేటైనా ఉందా?"

బాయిలర్ షాపులో అదొక కట్టుబాటు. తోటివాడికి కష్టమొస్తే నిలబడాలి. నిలబడ్డవాణ్ణి అక్కర్లేదని పంపితే, నీ మాట చెల్లదని మొహం మీద చెప్పినట్టే. క్లయింటు కోరిక కాదనలేక పైడయ్యను బోనెక్కించాను. నేను అడిగిన ప్రశ్నలకు హిందీలో చక్కగా చెప్పాడు. రేడియో నెమ్మదిగానే మోగిందన్నాడు. అతను అబద్ధమాడలేదని ఇప్పటికీ ప్రమాణం చేయగలను.

అప్పుడు మేజిస్ట్రేటు ముక్కుకూ నోటికీ చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ముద్దాయి నీకు ఎన్నాళ్లుగా తెలుసని అడిగాడు. పైడయ్య వినయంగా, సౌండు తక్కువే హుజూర్ అన్నాడు. కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటు రుమాలు తీసి అదే ప్రశ్న అదే గొంతుతో మళ్లీ అడిగాడు. చిన్నప్పటినుంచీ తెలుసని పైడయ్య ఠక్కున చెప్పాడు.

మేజిస్ట్రేటుకు అనుమానం వచ్చింది. ఈసారి కావాలనే రుమాలు నోటికి అడ్డం పెట్టి, మావ వైపు తిరిగి, మీరేం పని చేసేవారు అని అడిగాడు. మావ ఆయన్ని చూసి నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత నవ్వు ఆపి పైడయ్య వైపు చూశాడు. పైడయ్యకూ తెలియదు. అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఊపాడు. మోతలో మాట వినపడనప్పుడు వర్క్‌షాపులో అందరూ వాడే సైగ అది. ఏటన్నాడో తెలీదు అని.

అప్పటికి నాకు తెలిసింది, ఇద్దరికీ చెవుడు. బాయిలర్‌కు రివెట్లు కొట్టేటప్పుడు బయట ఒకడు సుత్తి వేస్తుంటే, లోపల ఇంకొకడు ఆ దెబ్బకు ఎదురు ఇనప దిమ్మ ఒత్తిపట్టి కూర్చోవాలి. ఆ ఇనప డొల్లలో కూర్చునేవాడు మావ. ఉద్యోగమంతా అక్కడే. ఆ షాపులో అందరికీ చెవులు అలాగే మొద్దుబారి ఉంటే, ఎవరికి వినపడటం లేదని ఎవరు కనిపెడతారు? పెదాలు చూసి మాట పట్టుకోవడం వాళ్లకు పనితోపాటు అబ్బింది. వాళ్లతో అరిచి మాట్లాడటం మాకు పుట్టుకతో అబ్బింది.

మేజిస్ట్రేటు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. రేడియో మోత లేదంటున్నారు సరే, మరి ముద్దాయికి విజిల్ ఎందుకు వినపడలేదు? మోత ఉందంటే నేరం, లేదంటే చెవుడు. ఏం చెప్పినా మావకు నష్టమే. మోత ఎక్కువన్నదొక్కటే ఆయన లైసెన్సును కాపాడే మాట, దాన్ని పొద్దున్నుంచీ నేనే నరుక్కుంటూ వచ్చాను.

తీర్పు అప్పుడే చెప్పారు. నేరం రుజువు కాలేదు, కేసు కొట్టివేత. కింద ఇంకో వాక్యం: ముద్దాయి వినికిడిని పరీక్షించవలసిందిగా లైసెన్సు అధికారికి ఉత్తర్వు ప్రతి పంపాలి. అది అన్యాయమని నేననను. రేపు ఆ గేటు దగ్గర ఇంజను కూత వినపడకపోతే ఏమయ్యేది? మావకు మొదటి వాక్యమే అర్థమైంది. వరండాలో పైడయ్యనూ సన్నాసినీ కావలించుకుని, అందరికీ రసగుల్లాలు తినిపించాడు. నా వాటా నేను పైడయ్యకిచ్చేశాను.

సర్కారు డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. ఆయన మావను గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి మామూలు గొంతుతో పేరు అడిగాడు. ఊరు అడిగాడు. నలుగురు పిల్లలున్నారా అని అడిగాడు. మావ గోడను చూస్తూ, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. చెవులు పోయాయని డాక్టరు ఎదురుగా వచ్చి చెప్పాడు; ఆయన రాసిన కాగితం మీదే తర్వాత లైసెన్సు రద్దయింది. వర్క్‌షాపులో చెయ్యి నలిగితే గాయమని రాసుకునేవారు, చెవి పోతే వయసు మీదపడిందనేవారు. ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. నాకు ఒళ్లు మండింది కానీ, ఎవరి మీద మండాలో తెలియలేదు.

డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేటప్పుడు మా రిక్షా ఝపటాపూర్ చేరింది. మావ నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"అయితే మీ అత్త నోరు పెద్దది కాదేట్రా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నాకు ఇనబడాలని అరిసేదా అది? ఎన్నేళ్లు తిట్టినాన్రా దాన్ని, గయ్యాళీ గయ్యాళీ అని."

ఇల్లు చేరేసరికి అత్త గుమ్మంలో ఉంది. ఏమైందని అక్కణ్ణుంచే అరిచింది. మావ ఆ రోజు ఆమెను నెమ్మదిగా మాట్లాడమనలేదు. దగ్గరకు వెళ్లి, ఆమె నోటికేసి చూస్తూ నిలబడి, మళ్లీ చెప్పమన్నాడు.

ఆ తర్వాత కూడా నేను చాలాకాలం ప్రాక్టీసు చేశాను. వర్క్‌షాపు మనిషి ఎవరొచ్చినా ముందు కాగితాలు అడగడం మానేశాను. బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో పేరు అడిగేవాణ్ణి. జవాబు వస్తే కేసు సంగతి మాట్లాడేవాణ్ణి. రాకపోతే, జరిమానా కట్టెయ్యమని ఎదురుగా కూర్చుని గట్టిగా చెప్పేవాణ్ణి.