కండక్టర్ భూమయ్య కొన్న బ్యాగు

భూమయ్యకు మనుషుల కన్నా వాళ్లు పోయే చోట్ల మీద ఆసక్తి ఎక్కువ. మెదక్ డిపోలో నేను డ్రైవర్‌ని, అతను కండక్టర్. చాలా ఏళ్లు ఒకే బండి మీద తిరిగాం. మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్, మళ్లీ వెనక్కి. ఒక టికెట్ కొట్టడానికి ఎంతసేపు కావాలి చెప్పండి? మా వాడికి మాత్రం చాలా సేపు కావాలి.

"గీ అడవిల దిగి ఏడికి పోతవే అవ్వా? లోపల ఊరున్నదా? గా బాట ఎక్కడ తేలుతది?" అని ఒక్కొక్కరి ప్రాణం తీసేవాడు.

నేను అద్దంలో చూసి అరిచేవాణ్ని. "టికెట్లు కొట్టవయ్యా భూమయ్యా! పెండ్లి సంబంధం మాట్లాడుతున్నవా ఏంది?"

నర్సాపూర్ అడవిలో రోడ్డు పక్క నుంచి సన్నటి బాటలు చెట్లలోకి పోతుంటాయి. అవి కనిపించినప్పుడల్లా మెడ తిప్పి చూసేవాడు. దిగి చూడటం మాత్రం ఎన్నడూ కుదరలేదు. బండి ఆపి కండక్టరే అడవిలోకి పోతానంటే ప్యాసింజర్లు ఊరుకుంటారా?

ఈ మధ్యే ఇద్దరం రిటైరయ్యాం. నేను హాయిగా మంచమెక్కి టీవీ పెట్టుకున్నాను. ఒకరోజు అతను మా ఇంటికొచ్చి, పెట్టిన చాయ్ కూడా ముట్టకుండా సంగతి చెప్పాడు. హవేలిఘనపూర్ దిక్కు బడిలో సైన్స్ చెప్పే మమత అనే టీచరమ్మ సెలవుల్లో కొంతమందిని వెంటబెట్టుకుని అడవుల్లో నడకకు తీసుకుపోతుందట. ఈ చలికాలం ఆదిలాబాద్ దిక్కు గుట్టల్లో నాలుగైదు రోజుల నడక పెట్టిందట. తిండి, దుప్పటి, నీళ్లు ఎవరివి వాళ్లే వీపున మోసుకోవాలట.

"నేను పోత," అన్నాడు భూమయ్య.

"పిచ్చి లేసిందా నీకు? ఈ వయసుల గుట్టలెక్కుతవా?"

"ఇన్నేండ్లు ఉరికే బండిల నిలవడ్డ కాళ్లివి, వీటికేమైతది? టీచరమ్మ ఒక్కటే మాటన్నది. ముందుగాల్ల నర్సాపూర్ అడవిల నిండు బ్యాగు ఏసుకొని నడిచి చూపియ్యాలె. మంచిగ నడిస్తె పేరు రాసుకుంటదట. లేకుంటె లేదు."

వెక్కిరించబోయి ఆగిపోయాను. ఊరందరినీ వాళ్ల వాళ్ల చోట్ల దింపి, తను మాత్రం రోజూ డిపోకే తిరిగొచ్చిన మనిషి. ఒక్కసారి తనూ దిగాలనుకుంటున్నాడు. నాకు జాలేసింది. సరే, బ్యాగు కొనడానికి నేనూ వస్తానన్నాను.

బస్టాండు దగ్గర విక్టర్ అనే అతనికి బ్యాగుల దుకాణం ఉంది. బడి బ్యాగులు, సూట్‌కేసులు అమ్ముతాడు. మమత చెప్పిందని అడవి నడకకు పనికొచ్చే పెద్ద బ్యాగులు కూడా తెప్పించి పెట్టాడు. భూమయ్య ఒక్కో బ్యాగు పట్టుకుని, పెళ్లిచూపుల్లో అత్తగారిలా ఆరాలు మొదలుపెట్టాడు.

"గీ నడుం పట్టీ ఎందుకు? గింత మందం ఉన్నది."

"బరువు భుజాల మీద కాదు అంకుల్, నడుం మీద కూసోవాలె. పొద్దంత మొయ్యాలె గద," అన్నాడు విక్టర్.

"మరి ఎద మీద గీ చిన్న పట్టీ?"

"భుజం పట్టీలు పక్కకు జారకుండ."

"అడుగున గీ జేబుల ఏమున్నది?"

"వానొస్తె బ్యాగుకు తొడుగుతం."

"బ్యాగుకు రెయిన్‌కోటా! ఏం కాలమొచ్చిందిరా ఎల్లేషూ, మనకే లేకపాయె!" అని నాతో అంటూ, భూమయ్య చిన్నపిల్లాడిలా ఆ కవర్ బయటికి లాగి, తొడిగి, మళ్లీ మడిచి లోపల పెట్టాడు.

ఖాళీది వేసుకుంటే ప్రతి బ్యాగూ బాగానే ఉంటుందని చెప్పి, విక్టర్ పక్క కిరాణా దుకాణం నుంచి చిన్న బియ్యం సంచులు తెచ్చి లోపల పెట్టాడు. మొదటిది పచ్చ రంగుది, చూడటానికి దొరలా ఉంది. వేసుకుంటే నడుం పట్టీ తొడల మీదికి దిగింది, తల ఎత్తితే బ్యాగు నెత్తికి కొట్టుకుంది. "బ్యాగే నిన్ను ఎత్తుకపోతున్నట్టున్నది," అన్నాను. రెండోదాని పట్టీలు సన్నగా ఉండి భుజాలు కోశాయి. మూడోది బూడిద రంగుది. గుడ్డ మందంగా, కుట్లు గట్టిగా ఉన్నాయి. వీపు పొడవును బట్టి పట్టీలు పైకీ కిందికీ జరుపుకోవచ్చు. విక్టర్ నడుం పట్టీ బిగించగానే భూమయ్య మొహం వెలిగిపోయింది.

"అరే, భుజాల మీద బరువే లేదు!"

"జర బయట నడిచి రాండ్రి," అన్నాడు విక్టర్.

చాయ్ బండి దాకా పోయి వచ్చాడు. వచ్చేసరికి బ్యాగు పొట్ట మీద ఉంది!

"అయ్యో, ముందటికి తిప్పుకున్నరేంది అంకుల్?"

"వెనకుంటె దాని మూతి కనవడదు గద!"

విక్టర్ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు, నాకు తెలుసు. కండక్టర్ బ్యాగు పొట్ట మీదే ఉండాలి. కిక్కిరిసిన బండిలో అది వీపు వెనక్కి జారిందంటే ఎవరి చెయ్యి ఎప్పుడు లోపల పడుతుందో చెప్పలేం. అందుకే ఎడమ చెయ్యి ఎప్పుడూ దాని మూతి మీదే ఉంటుంది. భూమయ్య బ్యాగు లేకుండా పెళ్లిళ్లకొచ్చినా ఆ చెయ్యి పొట్ట మీదే ఉండేది. ఫొటోల్లో కడుపునొప్పి వచ్చినవాడిలా కనిపించేవాడు. ఆఖరికి ఆ బూడిద రంగు బ్యాగే కొన్నాడు. కొనేముందు తాళం వేసుకునే వీలుందా అని కూడా అడిగాడు.

ఆదివారం పొద్దున నర్సాపూర్ అడవికి పోయాం. నవ్వుకోవడానికైనా చూడాలని నేనూ ఒక నీళ్ల సీసా పట్టుకుని బయలుదేరాను. మమత, ఆమె వెంట కొందరు కుర్రాళ్లు ఉన్నారు. రోడ్డు దిగి ఒక బాటలో అడుగు పెట్టగానే భూమయ్య గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఈ చెట్టు పేరేంది, ఆ పిట్ట ఏం తింటది, ఈ పుట్టలో ఏముంటది అని మమతను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆమె కూడా ఓపికగా చెప్పింది.

అంతవరకు బాగానే ఉంది. బ్యాగును వీపుకు తగిలించమని ఆమె చెప్పింది కాబట్టి తగిలించాడు. కానీ రెండు అడుగులకోసారి వెనక్కి తిరిగి చూడటం! వెనక నడిచే కుర్రాళ్లు అతని మీద పడేవాళ్లు. కాసేపటికి ఆమె ముందుకు పోగానే, గప్‌చుప్‌గా బ్యాగును పొట్ట మీదికి తిప్పుకున్నాడు. ఇక కాలి కింద ఏముందో ఎట్లా కనిపిస్తుంది? ఎండిన వాగులో రాయికి తగిలి బోర్లా పడ్డాడు. అరచేతులు గీరుకుపోయాయి.

మమత ఉరికొచ్చి, నీళ్లతో చేతులు కడిగి కట్టు కట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "అంకుల్, అక్కడ గుట్టలు, లోయలు ఉంటయ్. మీరు గిట్ల నడిస్తె నేను ఏ ధైర్యంతోని తీస్కపోవాలె? ఏమనుకోకుండ్రి, ఈసారికి వద్దు."

భూమయ్య బండ మీద కూర్చుని బాట చివరి వంపు వైపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గా వంపు అవతల ఏమున్నదో సూడకనే ఇంటికి పోవుడేనా ఎల్లేషూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీదో, ఆ బ్యాగు మీదో తెలియదు.

"నీ బుద్ధి పాడుగాను, ఒక్క మాటకు జవాబు చెప్పు! బండి రివర్స్ తీసేటప్పుడు నేను ఎన్నడన్న నీ మాట కాదన్ననా? నువ్వు వెనక నిలవడి విజిల్ కొడ్తె బండి పోనిచ్చిన. ఆడ గోడ ఉన్నదో, పిల్లగాండ్లు ఉన్నరో నాకేం ఎరుక? బండి నిండ మందిని నీ విజిల్ మీద వెట్టి తోలిన. గిప్పుడు నీ వెనక నేను నడుస్త. నీ బ్యాగు నిండ ఉన్నవి జొన్నరొట్టెలు, దుప్పటి, నీళ్లే. గంత మాత్రం నన్ను నమ్మలేవా?"

అతను లేచి బ్యాగును వీపు మీదికి తిప్పుకున్నాడు. నేనే నడుం పట్టీ బిగించాను. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి పొట్ట దగ్గరికొచ్చి, అక్కడ ఏమీ లేక కాసేపు ఆగి, కిందికి జారింది.

"ఒక్కపారి సూడు బిడ్డా, నడుస్తడు," అని మమతను బతిమాలాను. ఆమె సరేనని తలూపింది.

భూమయ్య ముందు, నేను వెనక నడిచాం. నా మోకాళ్లు నన్ను తిడుతూనే ఉన్నాయి. వాగు దాటాం. వంపు తిరిగాం. అవతల చిన్న గుట్ట, గుట్ట మీద మళ్లీ బాట. రెండు చేతులూ ఊపుకుంటూ, కాలి కింద చూసుకుంటూ ఎక్కుతున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మమత నా పక్కకొచ్చి నడుస్తూ అతన్నే చూసింది. గుట్ట సగం ఎక్కాక నాకు మాత్రమే వినపడేలా, "అంకుల్ పేరు రాసుకుంటున్న," అంది.

ఆ మాట అతనికి చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. పిలిస్తే వెనక్కి తిరుగుతాడు.