మగపెళ్లివారు పంపిన కోన్లు

2023 ఎండాకాలం. కర్నూలు వన్‌టౌన్‌లో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. గోరింటాకు పొడిని పలుచని గుడ్డలో జల్లించి, నిమ్మరసం, చక్కెర, నీలగిరి తైలం కలిపి రాత్రంతా నాననిస్తాను. పైన ముదురు గోధుమరంగు తేలితే దాన్ని 'డై రిలీజ్' అంటాం, అంటే ఆకు తన రంగు వదిలిందని. అప్పుడు కోన్లలో నింపుతాను. ఈ పనిలోకి వచ్చి చాలా ఏళ్లయినా మనుషుల్ని నమ్మడం మాత్రం నాకు అలవాటు కాలేదు. ప్రశ్నలు ఎక్కువడిగేవాళ్లంటే మరీ అనుమానం, పక్కవీధి పార్లర్ వాళ్లు పంపారేమోనని.

లక్ష్మీదేవమ్మ అట్లాగే వచ్చింది. కూతురు శిరీషను వెంటబెట్టుకొచ్చి, పెళ్లికి రెండు రోజుల ముందు ఆ పిల్లకు మెహెందీ పెట్టాలంది. అంతటితో ఊరుకోకుండా గిన్నె మూత తీసి వాసన చూసింది.

"దీంట్లో వేరే మందులేమన్నా కలుపుతావామ్మా?"

"మందులేంటికక్కా? ఆకుపొడి, నిమ్మరసం, చక్కెర, తైలం. అంతే."

"దేవుని మీద ఒట్టేసి చెప్పు."

నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో నేను చేసే కోనుకు ఒట్లు వేయాలా? పైగా కూతురి చేతి మీద ఒక చుక్క పెట్టించుకుని మరీ వెళ్లింది. ఆ అమ్మాయేమో అంత ఎండలోనూ పొడుగు చేతుల డ్రస్సు వేసుకుని, మాటిమాటికీ ఆ చేతుల్ని మణికట్టు దాకా లాక్కుంటోంది. ఎవరి పేరో పచ్చబొట్టు ఉంటుంది, అది దాస్తున్నారు అనుకున్నాను.

మెహెందీ రోజు నేను వాళ్లింటికి వెళ్లేసరికి పెళ్లికొడుకు అక్క మాధవి ఎర్రగుంట్ల నుంచి వచ్చి కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో గాజులు, పూలు, వాటి పక్కన ఒక కోన్ల పెట్టె. ఈమధ్య మగపెళ్లివారు చీరతో పాటు మెహెందీ కూడా పంపుతున్నారు. అది పెట్టకపోతే వాళ్లను చిన్నబుచ్చినట్టే.

"ఇది పెట్టక్కా. మాయమ్మ ఇచ్చి పంపింది. పది నిమిషాల్లో నల్లగా పండుతాది" అంది మాధవి.

కొన కత్తిరించి వాసన చూశాను. జుట్టుకు వేసే రంగు వాసన. ఏమేం కలిపారో పెట్టె మీద ఎక్కడా లేదు. అసలు గోరింటాకు కడిగిన వెంటనే నారింజ రంగులో ఉంటుంది, ఒకటి రెండు రోజులకు గానీ ముదరదు. నిమిషాల్లో నల్లబడిందంటే అందులో హెయిర్ డై కలిసినట్టే. కొందరికి అది పడక బొబ్బలెక్కి, మచ్చలు మిగిలిపోతాయి.

లక్ష్మీదేవమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఆపె చూడకుండా నీ కోనే పెట్టమ్మా. పోయినేడు ఒంటిమిట్ట తిరునాళ్లలో ఇట్లాంటిది పెట్టించుకుంటే దీని చెయ్యంతా పుండ్లయినాది. మచ్చ ఇంకా ఉండాది. చర్మరోగమనుకుని సంబంధం వద్దంటారేమోనని వాళ్లకు చెప్పలేదు."

ఆమె నా గిన్నె ఎందుకు వాసన చూసిందో అప్పుడు తెలిసింది. కోన్లు మార్చడం పెద్ద పని కాదు. కానీ నేను బయటికి వచ్చినప్పటి నుంచీ మాధవి కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. అందులో ఏముందో తెలిసే తెచ్చిందేమో అని ఆమె మీద కూడా అనుమానం పుట్టింది నాకు.

"కొత్త కోనుకు ముందు ప్యాచ్ టెస్ట్ చేస్తామ్మా. ఒక చుక్క పెట్టి ఒంటికి పడుతుందో లేదో చూస్తాం. నీ చెయ్యి చాపు" అన్నాను మాధవితో.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకొద్దు. నాకు పడదు."

"నీకు పడనిది ఈ పిల్లకు తెచ్చినావా?" నా గొంతు లేచింది.

మాధవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పెళ్లికి ఇట్లాంటిదే పెట్టినారు. తలంబ్రాలు పోసేటప్పటికి చేతులంతా బొబ్బలు. అందరికీ బాగానే ఉండాది, నీ ఒళ్లే మంచిది కాదన్నారు. నేనూ నా ఒళ్లే అంత అనుకున్నానక్కా."

తల్లి వద్దని సైగ చేస్తున్నా వినకుండా శిరీష డ్రస్సు చెయ్యి పైకి మడిచింది. మోచేతి కింద అప్పుడు వేసిన పువ్వూ తీగా తెల్లటి మచ్చగా మిగిలిపోయి ఉన్నాయి. మాధవి ఆ మచ్చను వేలితో తడిమి చూసింది. "నాది పోయేకి శానా రోజులు పట్టింది" అంది. తర్వాత పెట్టె మూసేసి వాళ్లమ్మకు ఫోన్ చేసింది. "ఆ కోన్లు పెట్టడం లేదు మా. నేనే వద్దన్నా. ఏమన్నా అనేదుంటే నన్ను అను."

ముందు పెట్టిన చుక్కతో శిరీషకు ఏమీ కాలేదు కాబట్టి ధైర్యంగా నా కోన్లతోనే పెట్టాను. మాధవి తనకూ ఒక చుక్క పెట్టమంది. పెళ్లినాటికి శిరీష చేతులు చక్కగా ఎర్రగా పండాయి.

తల్లిని, కూతుర్ని, ఆడబిడ్డను, అందరినీ వరసగా అనుమానించాను ఆ పెళ్లిలో. చెయ్యి పాడైతే ఆడవాళ్లు కోనును ఒక్క మాట అనరని, తమ ఒంటినే తిట్టుకుంటారని నాకు అక్కడే తెలిసింది. ఇప్పుడెవరైనా 'నాకు గోరింటాకు పడదు' అంటే ఏ కోను పెట్టించుకున్నావు, ఎంతసేపటికి నల్లబడింది అని వదలకుండా అడుగుతాను. అనుమానపు మనిషివని మా ఇంట్లో ఇప్పటికీ తిడతారు. తిట్టనీ. ఆ అనుమానం నా దగ్గరికొచ్చే ఆడవాళ్లకు తమ ఒంటి మీద కాకుండా కోను మీద కలిగితే నాకంతే చాలు.