విప్పి కుట్టిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, మన మందిరంలో నేను చెప్పిన మొదటి సాక్ష్యానికి మీరంతా చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు దయచేసి వెనక్కి తీసుకోండి, ఎందుకంటే అది తప్పుడు కొలతతో కుట్టిన బట్ట, ఈరోజు దాన్ని మన సంఘ పత్రికలో మీ అందరి ముందు విప్పి మళ్ళీ కుడుతున్నాను, దేవుడు నాకు తోడుండును గాక!

నేను రాంగోపాల్‌పేటలో దర్జీని, పేరు ఇమ్మానుయేలు. ఏడో తరగతిలో మాస్టారు నన్ను బయట నిలబెడితే అట్నుంచి అటే ఇంటికి వచ్చేశాను, మళ్ళీ లోపలికి రమ్మని ఆయన పిలవలేదు, నేనూ అడగలేదు. చదువు రాకపోయినా నోరు వచ్చింది. పాస్టరుగారి దగ్గునూ, క్వయర్‌లో ఒక చరణం ఆలస్యంగా ఎత్తుకునే అక్కల రాగాన్నీ నేను చేసి చూపిస్తే క్రిస్మస్ సభలో పిల్లలు నవ్వి నవ్వి బెంచీల మీద నుంచి జారిపోయేవారు. అలాంటి నోరు ఒక ఉదయం, పెళ్ళి కోటుకు గుడ్డ కత్తిరిస్తుండగా, ఒక పక్కకు జారిపోయింది. కత్తెర చేతిలోంచి పడింది, వంగి తీద్దామంటే నేనే పడ్డాను. ఇన్నేళ్ళు అందరినీ వెక్కిరించిన మూతి ఆ రోజు నుంచి అద్దంలో నన్నే వెక్కిరించింది.

పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. దవాఖానలో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఓపీ చీటీ ఇచ్చి, వారానికి రెండుసార్లు వచ్చి కసరత్తు చేయాలి, ఈ మొదటి నెలలే ముఖ్యం, మానేయొద్దు అని నా భార్య శాంతమ్మకు చెప్పింది. శాంతమ్మది తెనాలి వైపు, ఆమెకు ఒక్కసారి చెబితే చాలు, నాకు ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

రెండు వారాలు వెళ్ళాం. మూడో వారం ఉపవాస కూటంలో అందరూ నా కోసం కన్నీళ్ళతో ప్రార్థించారు, ఆ ప్రార్థనలో ఏ తప్పూ లేదు, తప్పు తర్వాత జరిగింది. లేచి నిలబడమన్నారు, ఇద్దరు సహోదరులు నా చంకల కింద చేతులు వేశారు, కొట్టు ముందు బొమ్మకు కోటు తొడిగి నిలబెట్టినట్టు నన్ను నిలబెట్టారు, మైకు మూతి దగ్గర పెట్టారు. "బా... బాగైంది" అన్నాను. అబ్బ, ఆ చప్పట్లు! క్రిస్మస్ సభలో నా హాస్యానికి కూడా అన్ని పడలేదు. నాకు చప్పట్ల రుచి తెలుసు సహోదరులారా, వదులుకోలేకపోయాను.

ఇక దవాఖానకు ఎలా పోను? దేవుడు బాగుచేసినవాడు కసరత్తుల గది ముందు వరుసలో కూర్చుంటే ఎవరైనా చూడరా? "ఇంకా కర్ర ఎందుకు బ్రదర్, విశ్వాసం తగ్గిందా?" అని ఒకాయన నవ్వుతూ అడిగాడు, నాకు నవ్వు రాలేదు, నవ్వడానికి మూతి సగమే ఉంది. ఓపీ చీటీ బీరువా మీదికి చేరింది. ఆదివారం ఆదివారం శాంతమ్మ నాకు తెల్లచొక్కా తొడిగి, గుండీలు పెట్టి, వంకర చేతిని జేబులో దాచి మందిరానికి తీసుకొచ్చేది. ఎన్ని వేల కాజాలు కుట్టిన చెయ్యి! ఎనిమిది నెలల్లో వేళ్ళు పిడికిలిగా ముడుచుకుపోయాయి.

అలా ఒక ఆదివారం మేము బయల్దేరే వేళకు మెట్టుగూడ నుంచి రత్నమ్మక్క వచ్చింది. ఆమె భర్త దానియేలన్న రైల్వేలో రిటైరయ్యాడు, మన కూటాల్లో డోలక్ ఆయనదే. నా తర్వాత రెండు నెలలకు ఆయనకూ ఇదే జబ్బు వచ్చింది. దేవుడు బాగుచేసిన నా చేత భర్త కోసం ప్రార్థన చేయించుకుందామని వచ్చింది పాపం. తలుపు తెరిచే ఉంది, శాంతమ్మ నా గుండీలు పెడుతోంది. అక్క గడపలోనే నిలబడిపోయింది.

"ఏంది తమ్మీ గిది? నువ్వు బాగైనవంటివి గద!"

నేను ఎడమ చేత్తో వంకర చేతిని జేబులోకి తోశాను.

"నిన్ను జూసే గదరా మా ఆయనను దవాఖానకు తీస్కపోవుడు బంద్ జేసిన. ఇమ్మానుయేలుకు జేసిండు, దేవుడు మనకు సుత జేస్తడని మంచంలనే పండవెట్టిన. ఆరు నెల్లాయె. ఇప్పుడు కాలు చాపనిస్తలేడు, ముట్టుకుంటే మొత్తుకుంటుండు."

"లోపలికి రండి వదినా" అంది శాంతమ్మ.

"ఎందుకమ్మా? లోపలికొచ్చి మీ అద్భుతం జూడాల్నా?" అనేసి వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను మందిరానికి రాలేదు. సగం పెట్టిన గుండీలతోనే మంచం మీద కూర్చుని, మాట రాని నోటితో ముక్కలు ముక్కలుగా ప్రార్థించాను. "ప్రభువా... నీ పేరు పెట్టి... అబద్ధమాడిన... నన్ను కొట్టు... అన్నను లేపు." ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు, వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొస్తున్న చప్పుడు వచ్చింది. శాంతమ్మ దాని మీదికెక్కి, బీరువా మీది చీటీ దించి, దుమ్ము కొంగుతో తుడిచి, "ప్రార్థన అయిందా అండీ? అయితే ఎల్లుండి మంగళవారం ఓపీ, మీరు వద్దన్నా వినేది లేదు" అంది. నా ప్రార్థనకు జవాబు అదే, దేవునికే మహిమ!

కసరత్తుల గదిలో ఒక చిన్నమ్మాయి నా ముందు చెక్కపలక పెట్టింది, పలకకు గుడ్డ, గుడ్డకు నాలుగు గుండీలు. "అంకుల్, ఇవి పెట్టండి."

"అమ్మా, నేను దర్జీని."

"మంచిదే కదా అంకుల్, తెలిసిన పనే, కానీయండి."

చెమటలు కారిపోయాయి, ఒక్కటీ ఎక్కలేదు. పక్కన బంతి పిసుకుతున్న ముసలాయన చూసి చూసి, "ఏం దర్జీసాబ్, పండగకన్న ఇస్తవా బట్టలు?" అన్నాడు. గదంతా నవ్వింది, నేనూ వంకరగా నవ్వాను, ఆటో ఎక్కాక ఏడ్చాను.

ముందే వచ్చుంటే ఇంకా బాగుండేదని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. పోయిన నెలలు పోయినట్టే, కత్తెర పట్టే చెయ్యి ఇక రాదేమో, కొట్టు మూసేశాను. ఇది చేదు, దీన్ని తియ్యగా చేసి చెప్పమని నన్నడగొద్దు. కానీ నాలుగు నెలలుగా ఒక్క వారం మానలేదు. కర్రతో వీధి చివరిదాకా ఒక్కడినే వెళ్తున్నాను, మాట తిరిగింది, ఇక మీరు వద్దన్నా ఆగదు, ఈ ఉదయం నా చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను! పైది కింది కాజాలో పడింది, ఏ గిరాకీ ఒప్పుకోడు, దేవుడు ఒప్పుకున్నాడు!

నా కోసం మోకరించిన సంఘమా, మీరు అడగకముందే దేవుడు చీటీ రాసిచ్చాడు, దాన్ని బీరువా మీద పెట్టింది నేను. మీ ఇళ్ళలో ఇలా పడినవారు ఉంటే ప్రార్థించండి, ఆమెన్ అనండి, వెంటనే చెప్పులు తొడగండి. ఆయన మీకంటే ముందే ఆ దవాఖాన వరుసలో కూర్చుని ఉంటాడని నమ్మండి.

రత్నమ్మక్కా, మూడుసార్లు వచ్చాను, నువ్వు తలుపు తీయలేదు, న్యాయమే. కానీ ఈ పత్రిక అన్నకు చదివి వినిపిస్తావని తెలుసు. వచ్చే మంగళవారం ఉదయం తొమ్మిదింటికి మీ గుమ్మం ముందు ఆటో ఆగుతుంది. నన్ను క్షమించనక్కరలేదు, దారంతా తిట్టుకుంటూ రా, అన్నను మాత్రం ఎక్కించు.

దానియేలన్నా, ఆ రోజు చొక్కా గుండీలు పెట్టుకోకుండానే రా. అక్కడ నీవి నేను పెడతాను. కొంచెం ఆలస్యమవుతుంది, దర్జీని కదా.